సైకిల్ బెల్లు గారికి బెజవాడ నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ సైకిల్ బెల్లు గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఈ లేఖను పోస్టులో వేయకుండా నలుగురి ముందూ పెడుతున్నది మీ చిరునామా తెలియక కాదు. బాగా తెలుసు. తెలుసని ఒప్పుకుంటే ఒక పెద్దాయనకూ నాకూ మధ్య మాటలు ఆగిపోతాయి, అంతే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మన పరిచయం ఒక్క పూటది. హైదరాబాద్ నుంచి అత్తారింటికి వచ్చిన నాకు బెజవాడను సైకిల్ మీద చూడాలని బుద్ధి పుట్టింది. అల్లుడు కాబట్టి ఎవరూ వద్దనలేదు. కాకపోతే ‘ఒక్కడూ వెళ్తే తప్పిపోతాడు’ అని మా ఆవిడ మేనమామను గైడుగా తగిలించారు. మావయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. గార్డు అన్న పేరు తీసేసి 2022లో ‘ట్రైన్ మేనేజర్’ అని పెట్టారు కదా, ‘నేను దిగిపోయాక ప్రమోషన్ ఇచ్చారు’ అని ఆయనకు ఇప్పటికీ బాధ.

అద్దె కొట్లో నాకు ఇచ్చిన సైకిలుకు 21 గేర్లు. అందులో నాకు దొరికినవి రెండే: కష్టం, మరీ కష్టం. దాని మీద నిక్కచ్చిగా పనిచేసే అవయవం మీరొక్కరే. తళతళలాడే స్టీలు కప్పు, దాని అంచున చిన్న సొట్ట, బొటనవేలు పెట్టగానే ‘ట్రింగ్’. బెల్లు తప్ప అన్నీ మోగే సైకిలని పాత జోకు ఉంది చూశారూ, మావయ్యగారి సైకిలు ఆ జోకుకు అసలు ప్రతి. హ్యాండిల్ మీద మీ జాతివారి దిమ్మ ఒకటి మిగిలింది, కప్పు లేదు. ఎప్పుడో గాంధీనగర్‌లో సినిమా హాలు స్టాండులో పెడితే ఇంటర్వెల్లోపే ఎవడో విప్పుకుపోయాడట. ‘సినిమా కూడా బాలేదండీ’ అన్నారు, రెండు నష్టాలూ కలిపి.

‘మరి బెల్లు లేకుండా ఎలా తొక్కుతారు?’ అన్నాను.

‘బెల్లు కొడితే ఎవడు తప్పుకుంటాడండీ! కళ్లు తెరవడానికి అక్కడున్నది దేవుడా?’ అన్నారు. ఆయన పద్ధతి వేరు. నోటితోనే ‘పక్క... పక్క... పక్క!’ అని కేకేస్తారు. ముప్పై ఏళ్లు రైలుకు విజిల్ ఊదిన ఊపిరి.

పొద్దున అయిదున్నరకు సత్యనారాయణపురం నుంచి బయలుదేరాం. మొదట బీఆర్‌టీఎస్ రోడ్డు. బస్సులకని వేసిన ఆ దారిలో పొద్దునపూట బస్సులకంటే వాకింగ్ వాళ్లే ఎక్కువ. మిమ్మల్ని మొదటిసారి మోగించాను. ఒక్కరూ కదల్లేదు. అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. ఒకాయన అయితే మీ ట్రింగ్‌కు జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని మళ్లీ పెట్టేసుకున్నాడు. మీకు కోపం రాలేదు, మీ పెద్దమనిషితనం అది. హారనైతే ‘తప్పుకో’ అంటుంది. మీరు ‘అయ్యా, వీలుంటే కొంచెం...’ అంటారు. ఈ ఊళ్లో వీలు ఎవరికుంటుంది చెప్పండి?

వన్‌టౌన్ వైపు తిరిగాం. బ్యారేజీ దగ్గర బయలుదేరి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరిని చీల్చుకుంటూ పోతాయి కాబట్టి, బెజవాడలో ఎటు తొక్కినా ఒక వంతెన ఎక్కి దిగాల్సిందే. ప్రతి వంతెనకూ నా 21 గేర్లు ఒకసారి నవ్వాయి. గాంధీ కొండ కింద మావయ్యగారు ఒక కాలు నేల మీద ఆనించి, ‘పైన స్తూపం 52 అడుగులు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ వచ్చి ఆవిష్కరించారు. ఎక్కుతారా?’ అన్నారు. కింద నుంచి కూడా బాగానే కనిపిస్తోందన్నాను.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మీ పని మరీ అన్యాయమైంది. హమాలీల కేకలు, తోపుడు బళ్లు, మూటలు. అక్కడ మిమ్మల్ని మోగించడమంటే పెళ్లి బాజాల మధ్య గొంతు సవరించుకోవడమే. మావయ్యగారి ‘పక్క పక్క’కు మాత్రం దారి విచ్చుకుంది. ఆయన వెనక్కి తిరిగి నా వైపు కాదు, మీ వైపు చూశారు. ఆ చూపులో జాలి ఉంది.

మీ పరువు నిలబడింది కొత్తపేట సందులో. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సందు. మలుపు దగ్గర ఎందుకైనా మంచిదని ఒకసారి నొక్కాను. టక్కున ఒక తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘ఇవాళ ఇంత ఆలస్యమేంటి నాయనా?’ అంది.

‘పాలు కాదమ్మా, ఊరు చూస్తున్నాం’ అన్నాను.

ఆవిడ నన్ను, సైకిల్ని, నా హెల్మెట్‌ని పైనుంచి కిందికి చూసి, ‘ఊరు చూడ్డానికి బెల్లెందుకు?’ అని తలుపేసుకుంది. ఇంతమంది జనం ఉన్న ఊళ్లో మిమ్మల్ని గుర్తుపట్టింది ఆవిడొక్కతే, అదీ మీరు ఇంకొకరనుకుని!

తర్వాత చిట్టినగర్ సొరంగం. కొండను తొలిచి వేసిన దారి. ‘కె.ఎల్. రావు గారి చలవండీ. ఆనకట్టలు కట్టే ఇంజినీరుని ఎంపీగా గెలిపించుకుంటే ఊరికి ఇలాంటి ఉపయోగాలుంటాయి’ అన్నారు మావయ్యగారు. లోపలికి వెళ్లాం. మా అదృష్టం కొద్దీ ఆ నిమిషంలో అటు నుంచి బండి లేదు, ఇటు నుంచి బండి లేదు. ఊరికే నొక్కాను.

బెల్లు గారూ, మీరంత ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. మూత విప్పితే మీలో ఏముంది గనక? ఒక మీట, రెండు పళ్ల చక్రాలు, స్ప్రింగు, వదులుగా తిరుగుతూ కప్పును కొట్టే వాషర్లు. ఆ కాస్త సరంజామాతో కొండంతా మోగించారు. ట్రింగ్ గోడకు తగిలి, పైకప్పుకు తగిలి, మమ్మల్ని దాటిపోయి, అటు చివర వెలుతురు దాకా వెళ్లి తిరిగొచ్చింది. మావయ్యగారు తొక్కడం ఆపేశారు.

‘ఇంకోసారి కొట్టండి అల్లుడుగారూ.’

కొట్టాను.

‘ఇంకోసారి.’

నాలుగోసారికి వెనక నుంచి ఒక ఆటో వచ్చి తన హారన్ వినిపించింది. దాంతో కచేరీ ముగిసింది. బయటికి వచ్చాక మావయ్యగారు చాలాసేపు ‘పక్క’ అనలేదు. ‘మా ఖాజీపేట రన్నింగుల్లో...’ అని ఏదో మొదలుపెట్టి ఆపేశారు. అప్పుడే నేను అనుమానించాల్సింది.

భవానీపురం మీదుగా నది పక్కకొచ్చి, 2020లో తెరిచిన దుర్గగుడి ఫ్లైఓవర్ నీడలో తొక్కుకుంటూ ప్రకాశం బ్యారేజీ చేరాం. పెద్ద బళ్లను రానివ్వరు కాబట్టి దాని మీద సైకిలుకు కాస్త మర్యాద ఉంది. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957కల్లా ఈ బ్యారేజీ కట్టి, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లు ఇవే గేట్లలోంచి పోయాయి, కొట్టుకొచ్చిన పడవలు ఇక్కడే గుద్దుకున్నాయి. మావయ్యగారు ఆ చోటు చూపించారు. నేను మొహం గంభీరంగా పెట్టి చూశాను.

ఆ తర్వాత ఆయనకు ఒక కోరిక పుట్టింది. గేటుకొక ట్రింగ్ చొప్పున కొట్టుకుంటూ వెళ్తే 70 అవునో కాదో లెక్క తేలుతుందట. ‘ఇన్నేళ్లుగా వింటున్నానండీ, ఎప్పుడూ లెక్కపెట్టలేదు.’ గాలి ఎదురుగా కొడుతోంది. నేను తొక్కాలి, నొక్కాలి, ఆయన లెక్కపెట్టాలి. ముప్పై ఎనిమిది దాకా సజావుగా సాగింది. అక్కడ ఒక కుర్రాడు స్కూటీ ఆపి ‘సెల్ఫీ తీయండంకుల్’ అన్నాడు. లెక్క పోయింది. ‘మళ్లీ మొదటి నుంచి...’ అన్నారు మావయ్యగారు. నేను వినబడనట్టు తొక్కేశాను. ఈ ఊళ్లో ఒక పూట ఉంటే ఆ విద్య దానంతటదే వస్తుంది.

ఉండవల్లి గుహల్లో మిమ్మల్ని తలుచుకున్నాను. ఒకే కొండను అంతస్తులుగా చెక్కి, లోపల అనంతపద్మనాభస్వామిని పడుకోబెట్టారు. ఆయన పడకకు వందల ఏళ్లు. నది దాటితే బెంజి సర్కిల్ ఉన్నా మెలకువ రాలేదంటే ఆయన దేవుడే, సందేహం లేదు.

బెంజి సర్కిల్ అన్నాను కదా. ‘అది చూడకుండా బెజవాడ చూశానంటే ఎవరూ నమ్మరు’ అని తిరుగు ప్రయాణంలో మావయ్యగారు బందరు రోడ్డు మీదుగా అక్కడికి తీసుకెళ్లారు. చెన్నై-కోల్‌కతా హైవే, హైదరాబాద్ నుంచి బందరు వెళ్లే హైవే ఢీకొనే చోటు. పైన ఫ్లైఓవర్లు కట్టినా కింది హోరు తగ్గలేదు, పైన ఇంకొంచెం కలిసింది. సిగ్నల్ ఎర్రగా ఉంది. ఎర్రగా ఉన్నంతసేపూ హారన్లు. ఎందుకని అడక్కండి. లైటును భయపెట్టడానికని నా అంచనా. పచ్చ వెలగడానికి అర సెకను ముందు వెనక బండివాడు హారన్ కొడతాడు చూడండి, ఆ జ్ఞానం యోగులకు కూడా ఉండదు.

దారిలో ఒక ఆసుపత్రి బోర్డు చూశాం, ‘హారన్ మోగించరాదు’ అని. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. అక్కడ పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు. అనవసరంగా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం 194-ఎఫ్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ కొడితే 2,000 జరిమానా. ఆ బోర్డు కిందే ఒక ప్రైవేటు బస్సు ప్రెషర్ హారన్‌తో రాగం తీస్తోంది. నేను మిమ్మల్ని నొక్కాను. నొక్కినట్టు నా బొటనవేలికి తెలిసింది, చెవికి తెలియలేదు. ఆ రోడ్డు మీద ఆ చట్టాన్ని అక్షరాలా పాటించింది మీరొక్కరే. పాటిస్తున్న సంగతి మాత్రం ఎవరికీ వినబడలేదు.

ఎండ నెత్తికెక్కింది. అద్దె కొట్టుకు రెండు వీధుల ముందు టీ తాగుదామని ఆగాం. మొహం కడుక్కురావడానికి నేను లోపలికి వెళ్తుంటే, ‘నిదానంగా రండి, సైకిళ్లు నేను చూస్తుంటా’ అన్నారు మావయ్యగారు.

కొట్లో కుర్రాడు సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ‘బెల్లు కప్పు ఏది సార్?’ అన్నాడు.

దిమ్మ ఉంది. మీరు లేరు.

డిపాజిట్‌లో 80 రూపాయలు పట్టుకున్నారు. దారి పొడుగునా మావయ్యగారు దొంగల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ‘మనుషుల్లో నీతి పోయిందండీ. బెల్లు కప్పును కూడా వదలరా!’ ఆయన చొక్కా జేబు ఒకవైపు కిందికి లాగేస్తోంది. బరువుంటే తాళాలై ఉంటాయనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున వీధిలో ఒక ట్రింగ్ వినిపించి లేచాను. కిటికీలోంచి చూశాను. వీధి చివర దాకా ట్రింగ్ ట్రింగ్‌మంటూ మావయ్యగారు పాల కోసం వెళ్తున్నారు. ఎదురుగా మనిషి లేడు, కుక్క కూడా లేదు.

ఆయన తిరిగొచ్చాక వెళ్లి దగ్గరగా చూశాను. అంచున సొట్ట అలాగే ఉంది. ‘బెల్లు బాగుందండీ’ అన్నాను.

‘పాతదే’ అన్నారు, పాల ప్యాకెట్లు చేతికిస్తూ.

నేను అబద్ధమనలేదు. మీరు పాతవారే.

ఆయన రోజూ చిట్టినగర్ వైపు వెళ్తున్నారని, ఎందుకో చెప్పడం లేదని మా అత్తగారు ఫోన్లో కంగారుపడ్డారు. షుగరు కదా, తొక్కనివ్వండని చెప్పాను. మీకు నా మనవి ఒక్కటే. అద్దె కొట్లో కుర్రాడు ఎప్పుడైనా ఆ వీధిలోకి వస్తే, దయచేసి మోగకండి.

ఇట్లు,
80 రూపాయలు కట్టిన అల్లుడు

చిరునామా: సైకిల్ బెల్లు గారు, కేరాఫ్ మావయ్యగారి హ్యాండిల్, మెట్ల కింద, సత్యనారాయణపురం, విజయవాడ.