ఫోమ్ పరుపును భోగి మంటలో వేయమంటారా?

"ఫోమ్ గురించి ఎవరూ చెప్పని నిజాలు" అంటూ ఒక మెసేజ్ బంధువుల గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ తెగ తిరుగుతోంది. ఊరికే తప్పులైతే పోనీలే అనుకునేవాణ్ణి. అందులో ఒక సలహా మాత్రం ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

థర్మోకోల్, పరుపు ఫోమ్, చెప్పుల సోల్ అన్నీ ఒకటేనట. థర్మోకోల్ పాలిస్టైరీన్. పరుపులో ఉండేది ఎక్కువగా పాలీయురేథేన్. తేలికపాటి చెప్పులకు వాడేది ఈవీఏ అనే ఇంకో రకం ప్లాస్టిక్. లోపల బుడగలున్నంత మాత్రాన ఇడ్లీ, బ్రెడ్డు ఒకటవుతాయా?

డెన్సిటీ పెరిగితే పరుపు గట్టిపడుతుందట. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న లెక్కే. 40 డెన్సిటీలో మెత్తనిదీ ఉంది, గట్టిదీ ఉంది.

ఒంటి ఆకారానికి తగ్గట్టు అణిగే మెమరీ ఫోమ్ నాసా వల్ల వచ్చిందన్నది మాత్రం నిజం. 1966లో నాసా ఏమ్స్ కేంద్రం కోసం, విమాన సీట్ల కుషన్లకని చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు తయారుచేశారు.

ఇక అసలు సలహా: "ఫోమ్‌లో 90 శాతం పైగా గాలే. పాత పరుపును భోగి మంటలో వేసేయండి. వచ్చేది వట్టి మసి."

గాలి ఉన్నమాట నిజమే. ఆ గాలి వల్లే మంట ఫోమ్ లోపలిదాకా అంత వేగంగా పాకుతుంది! పైగా పాలీయురేథేన్‌లో నైట్రోజన్ ఉంది. కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది; రెండూ విషవాయువులే. వట్టి మసేనట! 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో, కిస్ నైట్‌క్లబ్ సీలింగ్‌కు శబ్దం తగ్గించడానికి అంటించిన ఫోమ్‌కు బాణసంచా నిప్పు తగిలింది. 242 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమందిని బలితీసుకున్నది మంట కాదు, పొగ.

ఆరుబయట పొగ చెదిరిపోతుంది, అంత ఘోరం జరగదు, ఒప్పుకుంటాను. కానీ భోగి మంట చుట్టూ చలి కాచుకునేది ఎవరు? పిల్లలు, ముసలివాళ్ళు. గాలి తిరిగితే ఆ పొగంతా వాళ్ళ మొహాల మీదికే. ఫోమ్ కరిగి, మండుతూనే బొట్లు బొట్లుగా కారుతుంది కూడా. మన తాతలు మంటలో వేసింది బూరుగు దూది పరుపులండీ, ఇవి కాదు.

కొత్త పరుపు కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని షాపులో అడగండి. ఫోమ్ తుక్కును ముక్కలు చేసి, జిగురుతో అదిమి రీబాండెడ్ ఫోమ్ చేస్తారు. భోగికి పిడకలు, ఎండు కట్టెలు చాలు.