మేజర్‌ను పట్టించుకోని మేనేజ్‌మెంట్ మైనర్

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి సింగిల్ మేజర్ విధానం అమల్లోకి వచ్చినప్పుడు, మూడు సబ్జెక్టులను సమానంగా చదివే పాత పద్ధతి పోయి, ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), దానికి తోడు రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్ (ఉప సబ్జెక్టు) అనే ఏర్పాటు వచ్చింది. మైనర్‌గా ఏం తీసుకోవాలని అడిగిన విద్యార్థికి ఇంట్లోనూ, స్టాఫ్‌రూములోనూ తరచూ దొరికే సలహా ఒకటుంది: "మేనేజ్‌మెంట్ తీసుకో, ఎప్పటికైనా పనికొస్తుంది." ఎప్పటికైనా అంటే ఎప్పుడు, ఏ పనికి అన్నది మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. ఈ మేనేజ్‌మెంట్ (బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) మైనర్ తీసుకోదగిందేనని నా అభిప్రాయం. కాకపోతే విద్యార్థి మేజర్‌తో ముడిపడినప్పుడే దానికి విలువ వస్తుంది. ఆ ముడి వేసే పనిని సిలబస్ రాసేవాళ్లు విద్యార్థికే వదిలేస్తున్నారు.

ముందు ఈ ఎంపికకు చెల్లించే మూల్యం చూద్దాం. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన క్రెడిట్ విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. అంటే మొత్తం చదువులో ఐదో వంతు. నాలుగేసి క్రెడిట్ల పేపర్లయితే ఆరు పేపర్లు. పాత ఎంపీసీలో ఫిజిక్స్ విద్యార్థికి గణితం మూడేళ్లూ వెంట ఉండేది. ఇప్పుడు ఫిజిక్స్ మేజర్‌గా తీసుకున్నవారికి గణితాన్ని గట్టిగా చదివే దారి మైనరే. ఆ స్థానాన్ని మేనేజ్‌మెంట్‌కు ఇచ్చేస్తే ఎమ్మెస్సీలో మొదటి సెమిస్టర్‌లోనే ఆ లోటు బయటపడుతుంది. పీజీ ఫిజిక్స్ వైపు వెళ్లాలనుకునేవారు ఈ మైనర్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నిర్మొహమాటంగా చెప్పవలసింది అధ్యాపకులు. కానీ ఏ మైనర్ పెట్టాలో తేల్చేటప్పుడు ఏ శాఖకు ఎంత వర్క్‌లోడ్ మిగులుతుందన్న లెక్క కూడా నడుస్తుందని కళాశాలల్లో పనిచేసేవారందరికీ తెలుసు. అందువల్ల ఆ మాట చెప్పడానికి చాలామంది వెనుకాడతారు.

ఇంత మూల్యం చెల్లించి తీసుకున్న మైనర్‌లో తొలి పాఠాలు సాధారణంగా ఎలా ఉంటాయి? మేనేజ్‌మెంట్ నిర్వచనాలు, హెన్రీ ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలు, ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ, మాస్లో అవసరాల నిచ్చెన. వీటిని చదవకూడదని కాదు. కానీ ఫేయోల్ ఫ్రాన్సులో బొగ్గు గనుల ఇంజినీరు. గనుల కంపెనీలో దశాబ్దాలు పనిచేసి, దాన్ని నడిపి, ఆ తర్వాతే నిర్వహణ గురించి రాశాడు. టేలర్ అమెరికాలోని ఒక ఉక్కు కర్మాగారంలో లేత్ మెషీన్ల దగ్గర ఎదిగినవాడు. చేతిలో ఉన్న పని క్షుణ్నంగా తెలిశాక దాన్ని ఇంతకంటే బాగా ఎలా నడపాలని ఆలోచించినవాళ్లు వీళ్లిద్దరూ. మన తరగతి గదిలో ఆ పని కాస్తా మాయమై, సూత్రాలు మాత్రం పది మార్కుల ప్రశ్నగా మిగిలాయి. ఏ పనీ తెలియకుండా నేర్చుకునే నిర్వహణ పరీక్ష హాల్లో తప్ప మరెక్కడా అక్కరకు రాదు.

జువాలజీ గానీ, ఆక్వాకల్చర్ గానీ మేజర్‌గా చదివే భీమవరం ప్రాంతపు విద్యార్థినే తీసుకుందాం. వనామీ రొయ్యకు మేత ఎంత వేస్తే ఎంత బరువు పెరుగుతుందో చెప్పే ఎఫ్‌సీఆర్ అతనికి మేజర్‌లోనే వస్తుంది. ఎఫ్‌సీఆర్ 1.5 అంటే టన్ను రొయ్యకు టన్నున్నర మేత పడుతుంది. దాన్ని 1.3కు తేగలిగితే టన్నుకు 200 కిలోల మేత మిగులుతుంది. కిలో మేత వంద రూపాయలనుకుంటే 20 వేల రూపాయలు. సాగు ఖర్చులో మేతదే పెద్ద వాటా కాబట్టి రైతు గట్టెక్కడమా, మునగడమా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. జువాలజీ పాఠం 1.3 దగ్గర ఆగిపోతుంది. మేనేజ్‌మెంట్ పాఠం చెరువు గట్టు దాకా రాదు. ఈ రెండింటినీ కలిపే 20 వేల లెక్క మాత్రం ఏ పేపర్లోనూ కనిపించదు.

కథ అక్కడితో అయిపోదు. కౌంట్ సంగతి ఉంది. కిలోకు వంద రొయ్యలు తూగే 100 కౌంట్‌కు ఒక ధర, ముప్పై తూగే 30 కౌంట్‌కు అంతకంటే బాగా ఎక్కువ ధర. ఇంకో రెండు వారాలు ఉంచితే కౌంట్ మెరుగుపడుతుంది. కానీ ఆ రెండు వారాల మేత, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు, తెగులు సోకే ప్రమాదం కూడా నెత్తిన పడతాయి. పట్టాలా, ఆగాలా అన్నది తేల్చాలంటే చూడాల్సిన ఈ అదనపు ఖర్చునే కాస్టింగ్ (ఖర్చుల లెక్క) పాఠంలో మార్జినల్ కాస్ట్ అంటారు. దాన్ని ఊహాజనిత బొమ్మల ఫ్యాక్టరీ ఉదాహరణతో చెబితే బట్టీ పడతారు, చెరువు ఉదాహరణతో చెబితే ఇంటికెళ్లి నాన్నతో వాదిస్తారు. అలాగే మేత, రొయ్య పిల్ల అరువుకిచ్చిన వ్యాపారికే సరుకు అమ్మాల్సి వచ్చినప్పుడు ఆ అరువు అసలు ఖరీదు ఎంత? వడ్డీ అని విడిగా ఎక్కడా రాసి ఉండదు. మేత ధరలో కొంత, కొనుగోలు ధరలో కోతగా కొంత కలిసి ఉంటుంది. దాన్ని విడదీసి వార్షిక వడ్డీగా లెక్కకట్టడం నేర్చుకున్న విద్యార్థి ఫైనాన్స్ పేపర్‌లో సగం నేర్చుకున్నట్టే.

కెమిస్ట్రీ మేజర్ సంగతి ఇంకాస్త భిన్నం. ఫినాయిలో, డిటర్జెంటో తయారుచేసి హోటళ్లకు, ఆసుపత్రులకు వేసే చిన్న యూనిట్ పెట్టాలనుకున్న పట్టభద్రుడికి ఫార్ములా పెద్ద సమస్య కాదు, బాకీల వసూలే సమస్య. పుస్తకాల్లో లాభం కనబడుతున్నా, ముడిసరుకు కొనడానికి చేతిలో డబ్బుండదు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఈ రక్షణ కోరాలంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకుని ఉండాలి. అయితే అంత పెద్ద కొనుగోలుదారుపై ఫిర్యాదు చేస్తే రేపు ఆర్డరు వస్తుందా అన్నది చట్టం తీర్చని సందేహం. ఆ సందేహాన్ని కూడా తరగతిలో చర్చకు పెట్టాల్సిందే. మాస్లో నిచ్చెన కంటే ముందు చెప్పాల్సిన పాఠం ఇదేనంటే అతిశయోక్తి కాదు.

ఎంబీఏకు పునాదిగా ఈ మైనర్ తీసుకుంటున్నామనే వాదన కూడా ఉంది. అది పైకి కనిపించినంత బలమైనది కాదు. రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో విశ్లేషణ, గణితం, భాష ప్రధానం. వాణిజ్య పదజాలంపై వచ్చే కొద్దిపాటి ప్రశ్నలు మినహా మేనేజ్‌మెంట్ అడగరు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో అదీ లేదు. ఏ డిగ్రీ చేసినవారినైనా ఎంబీఏలోకి తీసుకుంటారు కాబట్టి మొదటి సెమిస్టర్ ఓనమాల నుంచే మొదలవుతుంది. డిగ్రీలో చదివిన పాఠాలే మళ్లీ వినాలి. ఎంబీఏ చేయడం ఖాయమనుకున్నవారికి స్టాటిస్టిక్సో, ఎకనామిక్సో మైనర్‌గా ఉంటే ప్రవేశ పరీక్షకూ, ఆ తర్వాత ఫైనాన్స్, మార్కెటింగ్ విశ్లేషణకూ ఎక్కువ కలిసొస్తుంది. డిగ్రీతోనే ఉద్యోగంలోనో వ్యాపారంలోనో దిగబోయేవారికే మేనేజ్‌మెంట్ మైనర్ అవసరం ఎక్కువ. బీకాం విద్యార్థులకైతే ఇది చాలావరకు చదివిందే చదవడం.

ఇంజినీరింగ్‌లో లెక్క వేరు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనాలో బీటెక్‌కు కావలసిన 160 క్రెడిట్ల పైన మరో 18-20 క్రెడిట్లు అదనంగా చేస్తేనే మైనర్ వస్తుంది. కాబట్టి మేజర్ నుంచి ఏదీ కోతపడదు, విద్యార్థి సమయమే కోతపడుతుంది. ఆన్‌లైన్ కోర్సులతో ఆ క్రెడిట్లను పూర్తిచేసే వెసులుబాటు చాలాచోట్ల ఉంది. అందులో మంచి పాఠాలూ ఉన్నాయి. అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చోట మాత్రం ఆ సర్టిఫికెట్‌ను చూసి ఇంటర్వ్యూ బోర్డు ఏం నమ్మాలో నాకు అంతుపట్టదు.

దీన్ని సరిదిద్దడానికి కొత్త విధానం ఏదీ అక్కర్లేదు. ఆరు పేపర్లలో మొదటి రెండింటిని అకౌంట్స్, కాస్టింగ్‌లకు కేటాయించి, మూడోదాన్ని ఒప్పందాలు, జీఎస్టీ, బాకీల వసూలు వంటి ఆచరణ చట్టాలకు ఇచ్చి, సిద్ధాంతాలను ఆ తర్వాతకు జరపవచ్చు. లెక్కలు చెప్పే ఉదాహరణలు ఆయా మేజర్ల నుంచి రావాలి. అంటే కామర్స్ అధ్యాపకుడూ, జువాలజీ అధ్యాపకుడూ కూర్చుని ఒక ప్రశ్నల బ్యాంకు తయారుచేయాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్ ఇందుకు సిద్ధంగా ఉన్న అవకాశం: ఆక్వా విద్యార్థి రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీలోనో, మేత డీలరు దుకాణంలోనో రెండు నెలలు ఉండి, ఒక పంటకాలపు జమాఖర్చులను తానే రాసి తెస్తే మేజర్, మైనర్ రెండు శాఖలూ కలిసి మూల్యాంకనం చేయవచ్చు. యూనివర్సిటీ సిలబస్‌ను అనుసరించే అనుబంధ కళాశాలలకు ఇంత స్వేచ్ఛ లేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు సిలబస్ రూపొందించే సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంది, సిలబస్ మార్చుకునే అధికారమూ ఉంది. వచ్చే సమావేశపు ఎజెండాలో వాళ్లు ఈ అంశాన్ని చేర్చడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.