సవరణ: కాంకార్డ్ తోకలోకి ఇంధనం ఎందుకు పంపేవారంటే

ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్‌లో ఇంధనాన్ని తోక ట్యాంకులోకి పంపేది దారిలో ఖర్చయిన ఇంధనం వల్ల తప్పిన బరువు సమతూకాన్ని సరిచేయడానికని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

ఆ విమానాన్ని నడిపిన ఫ్లైట్ ఇంజనీర్ల వివరణల ప్రకారం అసలు కారణం వేరు. ధ్వని వేగాన్ని దాటేటప్పుడు రెక్కల మీద లిఫ్ట్ (విమానాన్ని పైకి లేపే బలం) పనిచేసే చోటు వెనక్కి జరుగుతుంది. బరువు మాత్రం ముందువైపే ఉండిపోతే ముక్కు కిందికి వాలుతుంది. రెక్కల వెనక అంచునుండే కదిలే పలకలను (ఎలివాన్లను) పైకెత్తి ఆపొచ్చు గానీ, గాలి నిరోధం పెరిగి ఇంధనం తెగ తాగేస్తుంది. అందుకే దాదాపు 20 టన్నుల ఇంధనాన్ని ముందు నుంచి వెనక్కి పంపు చేసేవారు. వేగం తగ్గించేటప్పుడు మళ్లీ ముందుకి. పైలట్ల వెనక, పక్క ప్యానెల్ ముందు కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు గురుత్వ కేంద్రం (విమానం బరువంతా తూగే బిందువు) మీటరులో ముల్లు హద్దు గుర్తులు దాటకుండా కనిపెట్టుకుని ఉండేవాడు. టెన్షన్ ఉద్యోగమే!

ఇంకొకటి. మామూలు విమానాలన్నీ ఇలాగే చేస్తాయని కొందరు అనుకున్నారు. ఎయిర్‌బస్ ఎ320కి తోక ట్యాంకే లేదు. ఎ330కి ఉంది, కానీ ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది. అక్కడ ముఖ్య ఉద్దేశం ఇంధనం ఆదా.