కౌంటు వచ్చేసిందిగా, ఇంకా మందులెందుకు?

అమలాపురం చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఓ వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. మా తమ్ముడికి ఎముక మజ్జ మార్పిడి అయిందని తెలిసిన చుట్టాల్లో ఆరుగురు నాకే పంపారు. సారాంశం ఇది: "నెల దాటి కౌంటు పెరిగితే గండం గడిచినట్టే. తలుపులేసుకుని ఉంటే వైరస్ రాదు. ఇంగ్లీషు మందులే కౌంటు తగ్గిస్తాయి, ఆపేసి తిప్పతీగ కషాయం తాగండి. చిన్నప్పటి టీకాలు చాలు."

ముందు కౌంటు సంగతి. మార్పిడి అయ్యాక రెండు నుంచి నాలుగు వారాల్లో పెరిగేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. అవి ప్రధానంగా బ్యాక్టీరియా, ఫంగస్‌ల పని పడతాయి. వైరస్‌లను అదుపులో ఉంచాల్సిన టి-కణాలు, దాత మజ్జ ఎక్కించినవాళ్లలో, తేరుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. దాత కణాలు ఒంటిపై తిరగబడి స్టెరాయిడ్లు మొదలెడితే మరింత ఆలస్యం. రిపోర్టులో అంకె ముచ్చటగా ఉన్న ఆ రోజుల్లోనే సైటోమెగలో వైరస్ లేస్తుంది. సుమారు నూరో రోజు దాకా వారం వారం పీసీఆర్ అనే రక్తపరీక్ష చేయించేది జ్వరం రాకముందే దాన్ని పట్టుకోవడానికి.

తలుపులేస్తే? ఈ సైటోమెగలో వైరస్ మనలో చాలామంది ఒంట్లో చిన్నప్పటినుంచే ఉంది. ఆటలమ్మ తగ్గాక ఆ వైరసూ నరాల్లోనే పడుంటుంది, తర్వాత సర్పిగా వస్తుంది. మూత్రంలో రక్తం తెప్పించే బీకే వైరస్ కూడా అంతే. కలుపు తీసేవాళ్లు లేని చేలో తుంగ లేచినట్టు లేస్తాయి. ఫ్లూ లాంటివాటికి మాత్రం తలుపు పనికొస్తుంది. పెళ్లి భోజనాలకు మేమూ పంపట్లేదు.

మందులు కౌంటు తగ్గిస్తాయన్న ముక్కలో కొంత నిజముంది. సైటోమెగలో వైరస్‌కు ఇచ్చే గాన్‌సైక్లోవిర్ తగ్గిస్తుంది. అందుకే రక్తపరీక్షలు చూస్తూ మోతాదు మారుస్తారు, అవసరమైతే వేరే మందుకు వెళ్తారు. సర్పి రాకుండా ఇచ్చే యాసిక్లోవిర్ సంగతి వేరు, దాన్ని సాధారణంగా కనీసం ఏడాది వాడాలి. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. పైగా కామెర్లు కనిపిస్తే కషాయం వల్లా, దాత కణాల వల్లా, వైరస్ వల్లా అని డాక్టర్లు తలపట్టుకోవాలి.

టీకాల రక్షణ మార్పిడితో చాలావరకు చెరిగిపోతుంది. మూడు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ మొదలెట్టాలి. తట్టు, ఆటలమ్మ లాంటి బతికున్న వైరస్ టీకాలైతే రెండేళ్లు ఆగాలి, అప్పటికి రోగనిరోధకతను అణిచే మందులు ఆగి ఉండాలి.

నడుం చుట్టూ ఒకవైపే మంటతో పొక్కులొచ్చాయా? సర్పి అని మంత్రం వేయించడానికి బయల్దేరకండి. అదే పూట మార్పిడి చేసిన వార్డుకు ఫోన్ చేయండి.