కుందేలు బొరియలో, గొడవ వంటింట్లో

(ఇంగ్లండు, నార్ఫోక్ కౌంటీ, థెట్‌ఫర్డ్ దగ్గర ఓ చిన్న ఊరు. జనవరి ఆదివారం పొద్దున. శ్రీను డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్‌తో, ఝాన్సీ పొయ్యి దగ్గర దోసెల పెనంతో. ఝాన్సీ పుట్టిల్లు నరసరావుపేట పక్కన, మిరపా పత్తీ వేసిన కొంప. శ్రీను హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో పెరిగాడు, తులసి కుండీలో తప్ప మట్టి ముట్టుకున్న చరిత్ర లేదు. ఈ ముక్క మనసులో పెట్టుకుని చదవండి.)

శ్రీను: ఏమే, ఒక పార ఆర్డర్ పెడుతున్నా.

ఝాన్సీ: షెడ్డులో ఒకటి తగలడిందిగా.

శ్రీను: అది గార్డెన్‌ది. ఇది కుందేళ్ళకి. శనివారం పక్కింటి పెద్దాయన ఫెర్రెట్లని తీసుకుని ఆ వెనకాల రైతు పొలం గట్టుకి వెళ్తున్నాడు, పార ఉంటే నువ్వూ రావోయ్ అన్నాడు.

ఝాన్సీ: ఆ బోనులో కంపుకొట్టే ముంగిసలతోనా?

శ్రీను: ముంగిసలు కావే బాబూ, ఫెర్రెట్లంటే కుందేళ్ళ వేటకి పెంచుకునే సన్నటి జంతువులు. బొరియలన్నిటి మీదా చిన్న చిన్న పర్స్ నెట్లు, అంటే సంచీలా మూసుకుపోయే వలలు, పరిచి ఒక దాంట్లోంచి ఫెర్రెట్‌ని వదుల్తారు, అది లోపలికి పోగానే కుందేలు బెదిరి ఇంకో కన్నంలోంచి దూకి వలలో పడుతుంది, అంతే సంగతి.

ఝాన్సీ: కుందేలు తనంతట తనే వచ్చి వలలో పడితే ఇంక పార దేనికండీ, దాన్ని జోకొట్టడానికా?

శ్రీను: అన్నిసార్లూ రాదు కదా. కొన్నిసార్లు లోపల మూల చూసుకుని నక్కి కూర్చుంటుంది, లేకపోతే ఫెర్రెట్ దాన్ని అక్కడే చంపేసి, తిని, పక్కన పడుకుని నిద్రపోతుంది. అప్పుడు తవ్వి తియ్యాలి. దాని మెడకి ఒక కాలర్ కడతారు, పైన మన చేతిలో పెట్టె బీప్ బీప్ అంటుంది, ఎక్కడుందో ఎన్ని అడుగుల లోతుందో చెప్పేస్తుంది.

ఝాన్సీ: తిని పడుకుంటే వెళ్ళి లేపాలి. ఆ ఉద్యోగం ఈ ఇంట్లో నేను రోజూ చేస్తున్నదేగా.

శ్రీను: (విననట్టు) అదీకాక ఇది చట్టం కూడానే. 1954 పెస్ట్స్ యాక్ట్ ప్రకారం పొలం ఉన్నవాడు కుందేళ్ళని కంట్రోల్ చెయ్యాల్సిందే.

ఝాన్సీ: పొలం ఉన్నవాడు. మీకున్నది మూరెడు లాన్, అది కూడా అద్దెది.

శ్రీను: అందుకే రైతుని అడిగి పర్మిషన్ తీసుకునే వెళ్తున్నాం. నీ పాలకూర ఎవరు తిన్నారు పోయిన వేసవిలో?

(ఇక్కడ ఝాన్సీ దోసె తిప్పడం ఆపింది. పాలకూర ఒక్కటే కాదు, మెంతికూర, ఇండియా నుంచి విత్తనాలు తెప్పించి వేసిన తోటకూర, మొదళ్ళతో సహా కొరికి పారేశాయి. ఆ దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది.)

ఝాన్సీ: ఏదీ, చూపించండి మీ పార.

శ్రీను: ఇదిగో. మొత్తం స్టీలు. రోడ్లు వేసేవాళ్ళు వాడేది, జన్మలో విరగదు.

ఝాన్సీ: విరగదు నిజమే, మీ నడుము విరుగుద్ది. దీన్ని భుజానేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా గట్లెంట తిరగాలి, అందులోనూ జనవరి చలిలో ఆ ఇనప గొట్టం పట్టుకుంటే వేళ్ళు కర్రలైపోతాయి. పైగా దాని వెడల్పు చూశారా? మూడడుగుల లోతు గొయ్యికి బండెడు మట్టి పైకెత్తాలి.

శ్రీను: వెడల్పుంటే తొందరగా అయిపోద్ది కదే.

ఝాన్సీ: కాలవ తవ్వుతున్నారా? ఆ కాలర్ ఉన్న చోటికి దిగడానికి చెయ్యీ భుజం పట్టేంత కన్నం చాలు. ఎంత పెద్ద గొయ్యి తీస్తే ఆఖర్న అంత పూడ్చాలి, పూడ్చకపోతే రేపు ఆ రైతు గొర్రె కాలు అందులో పడి విరిగితే మీ పర్మిషన్ అక్కడితో సరి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

శ్రీను: సరే, అయితే ఇది. మడత పార. మిలిటరీది. బ్యాగులో పట్టేస్తుంది!

ఝాన్సీ: (ఫోన్ దగ్గరికి లాక్కుని) మూరెడు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఎంత లోతు పోతారు, మోచేతి దాకా. ఆ మడత దగ్గర ఇసక చేరిందంటే రెండో గొయ్యికే లొడలొడ. ఇక్కడంతా ఇసక నేలే కదా.

శ్రీను: అందుకే కదా కుందేళ్ళు ఇక్కడ ఇన్ని! నీకు తెలీదు, థెట్‌ఫర్డ్‌లో మఠం వాళ్ళు కుందేళ్ళని పెంచేవాళ్ళు, 1400 ప్రాంతంలో మఠం పెద్దాయన కట్టించిన కాపలా భవనం, రాతిది, ఇప్పటికీ ఉంది. అప్పట్లో కుందేలంటే గొప్పోళ్ళ తిండి.

ఝాన్సీ: ఇప్పుడు నా పాలకూర దాని తిండి. పార సంగతి చెప్పండి.

శ్రీను: ఇంకోటుంది. ఇది చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావ్. పాతకాలంది, కామ నా ఎత్తుంది, కింద చిన్న పార, పైన కొస్సకి ఇనప కొక్కెం. కాలర్లు లేని రోజుల్లో మగ ఫెర్రెట్‌కి తాడు కట్టి లోపలికి పంపేవాళ్ళు, తాడు ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోయేవాళ్ళు, ఆ తాడుని అందుకోడానికి కొక్కెం. ఎంత తెలివో చూడు.

ఝాన్సీ: మీకిప్పుడు బీప్ బీప్ పెట్టె ఉందిగా, కొక్కెం దేనికి?

శ్రీను: ఉంటే బాగుంటుందని.

ఝాన్సీ: ఎక్కడ పెడతారు, గోడకి తగిలించి దండేస్తారా?

(ఈ మాటకి శ్రీను అలిగాడు. నిజానికి గోడకి తగిలిద్దామనే అనుకున్నాడు.)

శ్రీను: అన్నీ తెలిసినదానివి నువ్వే చెప్పు. మీ ఊళ్ళో పారలు వేరు, ఇక్కడివి వేరు, అది గుర్తుపెట్టుకుని మరీ చెప్పు.

ఝాన్సీ: తెలుసు లెండి. మన పార వంగి లాగేది, కాళ్ళకి చెప్పుల్లేకపోయినా పని జరుగుద్ది, కానీ ఇరుకు గోతిలో దాన్ని ఎత్తి వెయ్యడానికి చోటుండదు. వీళ్ళది నిటారుగా నిలబెట్టి బూటుకాలితో తొక్కేది. కాబట్టి మొదట చూడాల్సింది ఆ భుజాల దగ్గర రేకు వెనక్కి మడిచి ఉందా లేదా అని, లేకపోతే మీ రబ్బరు బూట్లలోంచి అంచు అరికాల్లోకి దిగుద్ది.

శ్రీను: ఊఁ.

ఝాన్సీ: ఊఁ కాదు, లేచి షెడ్డులోది పట్టుకురండి.

(తెచ్చాడు. వంటింట్లో నేలంతా మట్టి. ఝాన్సీ మామూలుగా అయితే ఇల్లు ఎగరగొట్టేది, ఇప్పుడు మాత్రం పారని తిరగేసి, కామ ఇనుములోకి దిగే చోట గోరుతో గీరింది.)

ఝాన్సీ: చూడండి ఇక్కడ. సన్నగా చీలిక. కర్రలో గీతలు ఎటు పోతున్నాయ్? వాలుగా. అడ్డంగా బలం పడ్డప్పుడు ఆ వాలు వెంబడే చీరేస్తది. మా నాన్న తుమ్మకర్ర కామకి తెస్తే ముందు కన్ను దగ్గర పెట్టి గీతలు పై నుంచి కింద దాకా తిన్నగా వచ్చినయ్యా లేదా అనే చూసేవాడు. ఇక్కడ యాష్ కర్ర వాడతారు, అదీ అంతే. ఏడాదికోసారి అవిసె నూనె పట్టిస్తే చాలు.

శ్రీను: ఫైబర్‌గ్లాస్ ఉంది కదా, నూనె గొడవే లేదు.

ఝాన్సీ: అది తీసుకున్నా తప్పు లేదు, వానకి నానదు. కానీ విరిగితే కొత్త కామ మీరు వేసుకోలేరు.

శ్రీను: కర్రదైతే వేసుకుంటానా?

ఝాన్సీ: నేను వేస్తా.

(శ్రీను దగ్గర దీనికి జవాబు లేదు. దోసె మాడింది. ఎవరి తప్పు అన్న చర్చ కాసేపు నడిచింది, అది ఇక్కడ అనవసరం.)

శ్రీను: అయితే చూడు, వీళ్ళు ప్రత్యేకంగా రాబిటింగ్ స్పేడ్ అనే అమ్ముతున్నారు. విగాన్ ఊళ్ళో బుల్‌డాగ్ కంపెనీ వాళ్ళది. రేకు పొడుగ్గా, సన్నంగా, కిందకి వచ్చేకొద్దీ ఇంకా సన్నబడి కొస గుండ్రంగా ఉంది.

ఝాన్సీ: అద్గదీ! ఇందాకట్నుంచి ఇది చూపించక రోడ్డు కాంట్రాక్టర్‌వి చూపిస్తారేంటి. ఈ నేలలో ఇసక మధ్యలో చెకుముకి రాళ్ళు, చదును అంచుదైతే రాయి తగలగానే టంగుమని ఆగిపోద్ది, గుండ్రం కొసైతే పక్కకి జరిగి సందులోంచి దిగుద్ది. ఆకురాయి పెట్టి అంచు కాస్త పదును చేస్తే గట్టు మీద పొదల వేళ్ళు కూడా తెగుతాయ్.

శ్రీను: అదే నేనూ అనుకున్నా. పెట్టె ఎక్కడ గట్టిగా కూస్తే సరిగ్గా అక్కడ, దాని నెత్తి మీద, పదునుగా ఒక్క పోటు...

ఝాన్సీ: పాపం ఆ ఫెర్రెట్!

శ్రీను: అంటే?

ఝాన్సీ: నెత్తి మీద పొడిస్తే కుందేలు బతికిపోయి పెద్దాయన ఫెర్రెట్ పోతది. కాస్త పక్కనించి దిగాలి, లోతు పెట్టె చెప్తూనే ఉంటదిగా, ఇంకో జానెడు ఉందనగా పార పక్కన పడేసి చేత్తో తియ్యాలి. ఇసక నేల, పైకప్పు కూలితే అది ఊపిరాడక చస్తది.

శ్రీను: నువ్వెప్పుడు తవ్వావే కుందేళ్ళని? మన చెవులపిల్లి అసలు బొరియలోనే ఉండదు, పొదల్లో పడుకుంటది, పైగా దాన్ని పట్టడం నేరం.

ఝాన్సీ: కుందేళ్ళని తవ్వలా. మిరప చేలో పందికొక్కులని తవ్వాను. తేడా ఏం లేదు, అది కరుస్తది.

శ్రీను: ఏమైనా సరే, స్టీలుదే గట్టిదని నా అభిప్రాయం.

ఝాన్సీ: మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇంకా పట్టనే లేదు, అప్పుడే!

శ్రీను: సరే తల్లీ, ఇదే పెడుతున్నా. కామ పొడుగుది తీసుకుంటా, నేను ఆరడుగులు, పొట్టిదైతే నడుం పట్టేస్తుంది.

ఝాన్సీ: పొట్టిదే పెట్టండి. నా ఎత్తుకి.

శ్రీను: తవ్వేది నేను కదే!

ఝాన్సీ: మీరు పెట్టె పట్టుకుని బీప్ బీప్ వినండి. ఆ పెద్దాయనకి నిన్న సాయంత్రమే చెప్పొచ్చా, శనివారం పారతో నేనొస్తున్నానని.

శ్రీను: నన్నడక్కుండానా? మరి నన్నెందుకు పిలిచాడు?

ఝాన్సీ: వలలు మొయ్యడానికి మనిషి కావాలన్నాడు. ఆర్డర్ మీ కార్డు మీద పెట్టండి.