ఎర్త్ బదులు న్యూట్రల్ కలపమంటున్న ఆ మెసేజ్ గురించి

"ఎలక్ట్రీషియన్, ప్లంబర్, తాపీ మేస్త్రీ ఇక మీ గడప తొక్కనక్కర్లేదు! వేలకు వేలు ఆదా చేసే పది చిట్కాలు" అని మొదలయ్యే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకు అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ స్నేహితులు పంపారు, గుంటూరు చుట్టాలు పంపారు, పంపుతూనే ఉన్నారు. చూసి వదిలేస్తూ వచ్చాను. నిన్న విజయవాడ సత్యనారాయణపురం నుంచి మా బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్, అందులో ఆరోది మన వాషింగ్ మెషిన్‌కి సరిగ్గా సరిపోతుందిరా. ముట్టుకుంటే జిల్లుమంటోందని మీ పిన్ని ఒకటే గోల. ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటా" అన్నారు. ఇక వదిలేయడం నావల్ల కాలేదు.

చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి ఆ ఆరోదే ముందు తీసుకుంటాను. మెసేజ్‌లో ఇలా ఉంది: "మీ ఇంట్లో ఎర్త్ లేదా? కూలరు, వాషింగ్ మెషిన్ షాక్ కొడుతున్నాయా? మూడు పిన్నుల సాకెట్టు విప్పి, ఎర్త్ పాయింటుని చిన్న వైరు ముక్కతో న్యూట్రల్‌కి కలిపేయండి. షాక్ మాయం! ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎలాగూ రెండూ ఒకటే."

ముందు మూడు మాటలు: ఇంట్లోకి కరెంటు తెచ్చే వైరు ఫేజు, దాన్ని వెనక్కి తీసుకెళ్లేది న్యూట్రల్, రేకులోకి లీకైన కరెంటుని భూమిలోకి పంపేది ఎర్త్. షాక్ మాయమయ్యే మాట నిజమే. అందుకే దీన్ని అంతమంది నమ్ముతున్నారు. మెషిన్ రేకులోకి లీకవుతున్న కాస్త కరెంటు ఆ వైరు ముక్క గుండా న్యూట్రల్‌లోకి పోతుంది, చేతికి జిల్లు తెలియదు. పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ క్షణం నుంచి మెషిన్ రేకు, మీ ఇంటి న్యూట్రల్ వైరు ఒకటే అయిపోయాయి. న్యూట్రల్‌కి ఏం జరిగితే రేకుకీ అదే జరుగుతుంది.

న్యూట్రల్‌కి ఏం జరుగుతుంది? ఊడుతుంది. స్తంభం మీది అతుకు, సర్వీసు వైరు, మీటరు, మెయిన్ బోర్డు, జంక్షన్ బాక్సు, చివరికి సాకెట్టు వెనక స్క్రూ. ఇన్ని చోట్ల బిగింపులు దాటుకుని అది మీ గదిలోకి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి వదులైనా చాలు. 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు వాగు నీళ్లు రోజుల తరబడి నిలిచిన సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో స్విచ్‌బోర్డులు నీళ్లలో నానాయి. తడిసి ఆరిన ఇత్తడి టెర్మినళ్లకు పచ్చటి చిలుము పట్టి, స్క్రూలు తుప్పెక్కి ఉంటే అక్కడ న్యూట్రల్ ఎంత గట్టిగా ఉంటుందో ఆలోచించండి.

న్యూట్రల్ ఊడితే కూలర్ ఆగిపోతుంది. ఫ్యాను తిరగదు, పంపు ఆడదు. మనం ఏమనుకుంటాం? కరెంటు పోయిందనుకుంటాం. నిజానికి ఫేజు వస్తూనే ఉంది. మోటారు చుట్టలోంచి న్యూట్రల్ వైపుకొచ్చి, వెనక్కి పోయే దారి లేక, ఆ వైరు ముక్క గుండా కూలర్ రేకు మొత్తం 230 వోల్టులతో నిలబడి ఉంది. రోహిణి కార్తె ఎండ, చెప్పుల్లేని కాళ్లు, కూలర్ కింద కారిన నీళ్లు. ఏమైందో చూద్దామని ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తారు. ఎర్త్ లేని కూలర్ జిల్లుమనిపించి హెచ్చరించింది. ఈ చిట్కా చేసిన కూలర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

ఇంకా సులువుగా జరిగే ప్రమాదం ఒకటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావాటికి మూడు పిన్నుల సాకెట్లే ఉంటాయి కానీ, గోడలో పెట్టే ప్లగ్గుకి మాత్రం రెండే పిన్నులు. ఆ బాక్సు లోపల ఎవరైనా ఈ ముక్క వేశారనుకోండి. రెండు పిన్నుల ప్లగ్గుని ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. ఒకవైపు పెడితే ముక్క న్యూట్రల్‌కి తగిలి ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు తీసి, తిరగేసి పెడితే అదే ముక్క ఫేజుకి తగులుతుంది. ఏ వైరూ ఊడనక్కర్లేదు, ఏదీ చెడిపోనక్కర్లేదు. ప్లగ్గు తిరగబడితే చాలు, రేకు మీదికి నేరుగా కరెంటు వచ్చేస్తుంది. ఇల్లు ఊడ్చే అమ్మాయికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఈ మెసేజ్ రాసినవాళ్లు చెబుతారా?

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండూ ఒకటే" అన్న మాట దగ్గరికి వద్దాం. అక్కడ న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు, అది నిజం. అక్కడ ఒకటైనంత మాత్రాన మీ బాల్కనీలోనూ ఒకటే అనుకోవడమే తప్పు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మీ బాల్కనీకీ మధ్య ఉన్న అతుకులన్నీ ఎప్పటికీ ఊడవని ఎవరు పూచీ? ఎర్త్ వైరుని విడిగా లాగేదే న్యూట్రల్ మీద ఆధారపడకూడదని.

మీ ఇంట్లో ఇప్పటికే ఈ ముక్క ఉందేమో చూసుకోవచ్చు. మెయిన్ దించండి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి, సాకెట్టు ప్లేటు విప్పండి. పైనున్న పెద్ద కన్నం వెనక టెర్మినల్‌కి గోడ పైపులోంచి విడిగా ఒక వైరు రావాలి, మామూలుగా ఆకుపచ్చది. అలా కాకుండా కింది టెర్మినల్ నుంచి పైదానికి రెండంగుళాల వైరు ముక్క వంచి బిగించి ఉంటే, అదే ఇది. మొగల్రాజపురం, గవర్నర్‌పేట వైపు పాత ఇళ్లలో రంగుల్ని నమ్మకండి, అప్పట్లో ఏ వైరు దొరికితే ఆ వైరు లాగేవాళ్లు. అనుమానంగా ఉంటే ఆ సాకెట్టు వాడకం ఆపేసి మనిషిని పిలవండి.

ఎర్త్ లేకపోతే ఎర్త్ వేయించుకోవాలి, వేరే దారి లేదు. భూమిలో పాతిన రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పోయడానికి గరాటు. మన కృష్ణా, గుంటూరు నల్లరేగడి తడిగా ఉంటే ఎర్త్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండాకాలం నేల నెర్రెలిచ్చినప్పుడే బలహీనపడుతుంది, అందుకే వేసవిలో ఆ గుంటలో నీళ్లు పోస్తుండాలి. అద్దె ఇల్లైతే, ఓనరు ఒప్పుకోకపోతే, కనీసం మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు పెట్టించండి. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రాలేదని పసిగట్టిందంటే రెప్పపాటులో సరఫరా కోసేస్తుంది. ఎర్త్ లేని ఇంట్లోనూ మనిషికి షాక్ తగిలితే పనిచేస్తుంది. గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రికల్ కొట్టుకెళ్లినా దొరుకుతుంది. ఎర్త్‌కి ఇది ప్రత్యామ్నాయం కాదు, ప్రాణానికి మాత్రం రక్షణ.

మిగతావాటిలో మూడోది కూడా కరెంటుదే. "ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందా? 16 తీసి 32 పెట్టండి." ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్చు, 16, 32 అన్నవి ఆంపియర్లలో ఆ హద్దు. అది ఉన్నది మీ ఏసీని కాపాడటానికి కాదు, గోడలోని వైరుని కాపాడటానికి. 2000 వాట్ల గీజరొక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అదే లైనులో ఇస్త్రీపెట్టె, ఓవెన్ కలిస్తే వైరు కాగుతుంది. కాగుతోందని ఎంసీబీ చెబుతోంది. దాని నోరు నొక్కి 32 పెడితే, పడిపోవాల్సింది పడిపోదు, గోడలోని ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు మాడుతుంది. పాత ఇళ్లలో కిట్‌క్యాట్ ఫ్యూజుకి మందపాటి రాగి తీగ చుట్టడమూ ఇదే పని. ఎంసీబీ పడిపోతుంటే లోడు విడగొట్టి, గీజరుకీ ఏసీకీ వేరే లైను లాగించండి.

నాలుగోది: "మెయిన్ ఆఫ్ చేస్తే చాలు, ఏ వైరైనా ధైర్యంగా ముట్టుకోవచ్చు." ఇన్వర్టర్ లేని ఇల్లు ఎన్ని ఉన్నాయి ఇప్పుడు? మెయిన్ దించగానే ఇన్వర్టర్, కరెంటు పోయిందనుకుని తన లైన్లలోకి 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. లైటు, ఫ్యాను పాయింట్లే సాధారణంగా దాని మీద ఉంటాయి. ఫ్యాను రెగ్యులేటరు మార్చుకుందామని కుర్చీ ఎక్కిన మనిషి చెయ్యి పెట్టేది అక్కడే. ముందు ఇన్వర్టర్ ఆపండి, ఆ తర్వాత టెస్టరు పెట్టండి. టెస్టరు కూడా కరెంటున్న సాకెట్టులో ఒకసారి వెలిగించి చూశాకే నమ్మండి.

ఎనిమిదోది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. "బాత్రూమ్ టైల్స్ కొత్తవాటిలా మెరవాలంటే యాసిడ్‌లో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తలుపు వేసి పావుగంట ఉంచండి." యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదకి వదిలింది ఈ వాయువునే. దాన్ని తలుపు వేసిన బాత్రూమ్‌లో తయారు చేసుకోమని అమ్మలకీ అత్తయ్యలకీ చెబుతున్నారు! గాలికంటే బరువు కాబట్టి అది కిందనే పేరుకుంటుంది, మనం కూర్చుని రుద్దేదీ కిందనే. వరద తర్వాత సింగ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో బ్లీచింగ్ పౌడర్ ఉంది, యాసిడ్ సీసా ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంది. ఈ రెంటినీ కలపమని రాయడానికి వాళ్లకి చెయ్యెలా వచ్చింది? చదివి గుండె చిహ్నం పెట్టి ముందుకు పంపడానికి మనకి ఎలా వచ్చింది? పొరపాటున ఎవరైనా కలిపేస్తే వెంటనే బయటికి, గాలాడే చోటికి వచ్చేయాలి. కళ్లు మండినా, ఊపిరి పట్టేసినా ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్లు పోసి కడిగేద్దామని లోపలికి మళ్లీ పోకూడదు.

మేకు కన్నంలో టూత్‌పేస్టు, కిర్రుమనే బందులకి కొబ్బరినూనె. చేసుకోండి, నష్టమేమీ లేదు. నూనె కొన్నాళ్లకి జిగటవుతుంది, అంతే.

గోడ చెమ్మకి లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయమన్నది తప్పు. నీళ్లు వస్తున్నది బయటి నుంచో, పై అంతస్తు బాత్రూమ్ నుంచో, పునాది నుంచో. లోపల ఎంత మంచి పెయింట్ వేసినా గోడలోని ఉప్పు తెల్లగా పొంగి దాన్ని పెచ్చులుగా నెట్టేస్తుంది. చెమ్మ ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే, పెచ్చులు గీకేసి ఒక పాలిథీన్ కాగితం గోడకి పెట్టి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. రెండు రోజులయ్యాక చూడండి. కాగితం వెనక, గోడవైపు నీటిబొట్లు ఉంటే గోడలోంచే వస్తోంది. గదివైపు ఉంటే అది గదిలోని ఆవిరి, కిటికీ తెరిస్తే పోయేది. గోడలోంచే వస్తుంటే ముందు టెర్రస్, పైపులు చూడాలి. వరదకి నానిన ఇటుక గోడలైతే పూర్తిగా ఆరేదాకా పెయింట్ మాటే ఎత్తకూడదు.

శ్లాబు పెచ్చులూడితే వైట్ సిమెంట్ పూయమనడం ఇంకా అన్యాయం. లోపల ఊచ తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటుని నెట్టేస్తుంటే పెచ్చులూడతాయి. పైన తెల్లగా పూస్తే తుప్పు ఆగదు, కనబడకుండా పోతుంది. ఇంజనీరుకి చూపించండి, ఆలోపు దాని కింద మంచం వేసుకోకండి.

తొమ్మిదోది మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. "వానాకాలంలో బిగుసుకున్న తలుపుకి చిత్రిక పట్టించకండి, రాసుకుంటున్న అంచుకి కొవ్వొత్తి మైనం రుద్దండి" అని ఉంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. చెక్క తేమకి ఉబ్బుతుంది, వేసవికి మళ్లీ కుంచించుకుంటుంది. శ్రావణంలో చిత్రిక పడితే మే నెలలో తలుపు సందులోంచి వీధి కనిపిస్తుంది. వడ్రంగులు కూడా చాలామంది ఈ మాట చెప్పరు, పని దొరికింది కదా అని చెక్కేసి పోతారు. ఈ మెసేజ్‌లో ఇంత మంచి సలహా ఉంటుందని నేననుకోలేదు.

అలాగే చిన్న పనికి మనిషి దొరకడన్న వాళ్ల ఫిర్యాదూ న్యాయమైనదే. కుళాయి వాషరు మార్చమంటే పటమటలో ఏ ప్లంబరూ ఆ పూట రాడు, వచ్చినా వాషరు ఖరీదుకి పదింతలు అడుగుతాడు. అది మీరే మార్చుకోండి. పై వాల్వు కట్టేసి, కుళాయి తల విప్పి, పాత వాషరు చేత్తో పట్టుకెళ్లి అదే సైజుది తెచ్చుకోండి. ఫ్లష్ ట్యాంకు ఫ్లోటూ అంతే.

ఇంకో మాటా ఒప్పుకోవాలి. ఆరో చిట్కా ఈ మెసేజ్‌తో పుట్టలేదు, మన ఎలక్ట్రీషియన్లలోనే కొందరు ఏళ్ల తరబడి చేస్తున్నారు. గొయ్యి తవ్వడం శ్రమ, వైరు ముక్క వేయడం రెండు నిమిషాల పని. అందుకే బాబాయికి కూడా చెప్పాను. పిలిచిన మనిషి సాకెట్టు విప్పి, "ఎర్త్ ఎందుకండీ, న్యూట్రల్‌కి కలిపేస్తా" అంటే, ఆయన చేతిలో డబ్బులు పెట్టి పంపించేసి ఇంకొకర్ని పిలవమని.