రొయ్యల గుంట అడిగే ప్రశ్న, డిగ్రీ తరగతి అడగని ప్రశ్న

విడవలూరు, ఇందుకూరుపేట మొదలుకొని కొత్తపట్నం దాకా తీరం వెంట రొయ్యలు సాగు చేసే ఏ రైతునైనా గుంటలో ఆక్సిజన్ ఎప్పుడు బాగా పడిపోతుందని అడగండి. తెల్లవారుజామున అని తడుముకోకుండా చెబుతాడు. ఆ వేళ కరెంటు పోయి, నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే పంట ఏమవుతుందో అతనికి తెలుసు. అదే ప్రశ్న నెల్లూరులోనో ఒంగోలులోనో డిగ్రీ చదివే సైన్స్ విద్యార్థిని అడిగితే, వేడి నీటిలో వాయువులు తక్కువగా కరుగుతాయన్న పాఠం గుర్తుకొచ్చి మిట్టమధ్యాహ్నం అని జవాబిచ్చే అవకాశం ఎక్కువ. ఆ సూత్రంలో తప్పు లేదు. కానీ పగలు నీటిలోని సూక్ష్మ నాచు కిరణజన్య సంయోగక్రియతో విడుదల చేసే ఆక్సిజన్ ఆ లోటును మించిపోతుంది. చీకటి పడ్డాక ఆ ఉత్పత్తి ఆగిపోయి, రొయ్యలు, నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా ఆక్సిజన్ వాడుకోవడం మాత్రం రాత్రంతా సాగుతుంది. ఇవన్నీ విద్యార్థి చదివినవే. ఒకటి కెమిస్ట్రీ నోట్సులో ఉంది, మరొకటి బోటనీ నోట్సులో ఉంది, రెండింటినీ కలిపి ఆలోచించమని ఎవరూ అడగలేదు.

దీనికి విద్యార్థి బద్ధకాన్ని కారణంగా చూపడం న్యాయం కాదు. సైన్స్, ఇంజినీరింగ్, గణితం డిగ్రీ తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను అమెరికా పరిశోధకుడు స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో కలిపి పరిశీలించినప్పుడు, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో సుమారు 34 శాతం మంది ఫెయిలవగా, విద్యార్థుల చేత ఆలోచింపజేసి మాట్లాడించిన తరగతుల్లో ఆ సంఖ్య 22 శాతం దగ్గర ఆగింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల తొలినాళ్ల నుంచి భౌతికశాస్త్ర తరగతుల్లో అనుసరించిన పద్ధతి చాలా సులువైనది: ప్రశ్న వేయాలి, ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి, పక్కవారితో వాదించాలి, మళ్లీ ఎంచుకోవాలి, ఆ తర్వాతే అధ్యాపకుడు వివరించాలి. రొయ్యల గుంట ప్రశ్నకు ఇది చక్కగా సరిపోతుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, ఎంచుకున్న జవాబు నంబరును వేళ్లతో చూపిస్తే చాలు. రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు 2021–22 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి కాబట్టి, పక్కవారితో తెలుగులో వాదించుకునే ఆ మూడు నిమిషాలు మన పిల్లలకు మరింత అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. హార్వర్డ్‌లోనే 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇలా పాల్గొన్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్లు తేలినా, తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవారు అంతా అర్థమైందనుకున్నారు. “అర్థమైందా?” అన్న ప్రశ్నకు తరగతి అంతా “అయింది సార్” అన్నంత మాత్రాన, పాఠం నేర్చుకున్నారనడానికి అది రుజువు కాదన్నమాట. పరీక్ష ముందు రాత్రి ఇంపార్టెంట్ ప్రశ్నలను పదేపదే చదవడమూ ఇలాంటి భ్రమనే ఇస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్‌ల 2006 నాటి ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం గడిచేసరికి వారికి 40 శాతమే గుర్తుండగా, ఒకసారి చదివి ఆపై పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. అందుకే తరగతి మొదటి అయిదు నిమిషాలు గత వారం పాఠంపై పుస్తకం చూడకుండా ఒక జవాబు రాయించడానికి కేటాయించాలి. దానికి మార్కులు వేయనక్కర్లేదు.

సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరాన్ని తేలికగా తీసుకోలేం, ఎందుకంటే అధ్యాపకుడి చేతులు కట్టేసేది ప్రశ్నపత్రమే. ద్రావణీయతపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని వివరింపుమని మాత్రమే అడిగినంత కాలం, వివరణను డిక్టేట్ చేయడమే అతనికి సురక్షితమైన దారిగా కనిపిస్తుంది. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికా మండళ్లు ప్రతి సైన్స్ పేపర్లోనూ ఒక్క ప్రశ్నను ఈ నేల నుంచి తీసుకోవచ్చు: గుంటలో ఏరియేటర్ తెల్లవారుజామున ఎందుకు ఆగకూడదు, కనిగిరి ప్రాంతపు బోరు నీటిలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుంది, చీమకుర్తి నల్లరాతిలో ఆ మెరుపు దేనివల్ల వస్తుంది.